బహుళేంద్రియ చికిత్సను ఎం.ఎడ్. స్థాయిలో ఎలా బోధించాలి? సిలబస్ రాస్తున్నాను, సలహాలు కావాలి

ప్రశ్న: సహాయ ఆచార్యురాలు, ప్రత్యేక విద్య విభాగం

అందరికీ నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్య విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఎం.ఎడ్. రెండో సంవత్సరం విద్యార్థులకు "వైకల్యం ఉన్న వ్యక్తులకు బహుళేంద్రియ చికిత్స" అనే ఐచ్ఛిక పేపరును ప్రవేశపెట్టాలని మా బోర్డ్ ఆఫ్ స్టడీస్ నిర్ణయించి, సిలబస్ తయారుచేసే బాధ్యతను నాకు అప్పగించింది. రెండు క్రెడిట్లు సిద్ధాంతానికి, రెండు క్రెడిట్లు ప్రాక్టికల్‌కు కేటాయించారు.

నా ఇబ్బంది ఎక్కడ మొదలైందో చెబుతాను. ఒక దాత పుణ్యమా అని మా విభాగానికి ఒక సెన్సరీ రూమ్ సమకూరింది. నీటి బుడగలు పైకి లేచే బబుల్ ట్యూబ్, చేతిలోకి తీసుకోదగిన ఫైబర్ ఆప్టిక్ తీగలు, అద్దాల బంతి, ప్రొజెక్టర్, వాటర్ బెడ్ అన్నీ ఉన్నాయి. నిరుడు ప్రయోగాత్మకంగా విద్యార్థులను బృందాలుగా అక్కడికి పంపి, పక్కనే ఉన్న ప్రత్యేక పాఠశాల పిల్లలతో పనిచేయించాము. మూడు నెలల తరువాత రికార్డు పుస్తకాలు దిద్దడానికి కూర్చున్నప్పుడు దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఒకే వాక్యం కనిపించింది: "బబుల్ ట్యూబ్ చూపించాను, పిల్లవాడు సంతోషించాడు." సంతోషించాడని ఎలా తెలిసిందని అడిగితే, నవ్వాడని ఒకరు, కేకలు వేశాడని మరొకరు చెప్పారు; అదే పిల్లవాడు, అదే రోజు. అప్పుడు నాకు అర్థమైనదేమంటే, మేము వారికి స్విచ్చులు వేయడం నేర్పాము, అంతకు మించి ఏమీ నేర్పలేదు.

సిద్ధాంత భాగంలో ఏమేమి ఉండాలి, ప్రాక్టికల్ ఎలా నడపాలి, ఈ చికిత్సకు ఉన్న పరిశోధనా ఆధారాల గురించి విద్యార్థులకు ఎంత నిక్కచ్చిగా చెప్పాలి అన్న విషయాలలో అనుభవం ఉన్నవారి అభిప్రాయం కోరుతున్నాను. మా విద్యార్థులలో చాలామంది రేపు భవిత కేంద్రాలలో, అంటే ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రాలలో, పనిచేయబోయేవారు. అక్కడ బబుల్ ట్యూబ్ మాట అటుంచి, కరెంటు కూడా రోజంతా ఉంటుందన్న భరోసా లేదు. ఈ సంగతిని కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పగలరని మనవి.

సమాధానం 1: ఆక్యుపేషనల్ థెరపిస్టు, హైదరాబాద్

మేడమ్, మీ పేపరు శీర్షికతోనే మొదలుపెడదాం. "బహుళేంద్రియ" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. వాటిని మొదటి వారంలోనే విడదీయకపోతే సెమిస్టర్ ముగిసేవరకు ఆ చిక్కు విడిపోదు.

మొదటిది, అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకొనే శక్తిని పెంచే చికిత్సకురాలు) జీన్ ఎయిర్స్ రూపొందించి 1972లో పుస్తకరూపంలో వివరించిన సెన్సరీ ఇంటిగ్రేషన్. ఊయలలు, వాలుబల్లలు, బరువైన పనుల ద్వారా పిల్లవాడి నాడీవ్యవస్థ ఇంద్రియ సమాచారాన్ని క్రమబద్ధం చేసుకొనేలా, అతని శక్తికి కాస్త మించిన సవాలును ఎప్పటికప్పుడు ఎదుట పెట్టడం అందులోని కీలకం. రెండోది, నెదర్లాండ్స్‌లో పుట్టిన స్నూజెలెన్, అంటే వెలుగులు, వాసనలు, స్పర్శలతో కూడిన ప్రశాంతమైన పరిసరం. మీ సెన్సరీ రూమ్ ఆ వంశానిదే. మూడోది, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల కోసం 1930ల నుంచి అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్, ఫెర్నాల్డ్ వంటివారు అభివృద్ధి చేసిన బోధనా పద్ధతి, అంటే అక్షరాన్ని చూస్తూ, పలుకుతూ, వేలితో దిద్దుతూ నేర్చుకోవడం. మన ఇళ్లలో అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో పోసిన బియ్యంలో పిల్లల వేలు పట్టి దిద్దించడాన్ని విద్యార్థులకు గుర్తుచేస్తే ఈ మూడోది చప్పున అర్థమవుతుంది. అయితే అది బోధనే గాని చికిత్స కాదని కూడా వెంటనే చెప్పాలి.

ఇక్కడ ఒక చట్టపరమైన జాగ్రత్త కూడా అవసరం. ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదవుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వస్తారు. నాలుగు క్రెడిట్ల ఐచ్ఛిక పేపరు చదివిన విద్యార్థి రేపు బయటికి వెళ్లి "సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపిస్టు" అని బోర్డు పెట్టుకోకూడదన్న మాటను సిలబస్ లక్ష్యాలలోనే రాయండి. ఇది నా వృత్తిని కాపాడుకొనే ప్రయత్నమని కొందరు అనుకోవచ్చు, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అలాంటి బోర్డులను నమ్మి నెలకు వేలకు వేలు ఖర్చుపెట్టిన తల్లిదండ్రులు ప్రతి వారం నా దగ్గరకు వస్తున్నారు.

సిద్ధాంత భాగంలో మన భాషే తెచ్చిపెట్టే ఒక అడ్డంకి ఉంది. "పంచేంద్రియాలు" అన్న మాట మనకు ఉగ్గుపాలతో వచ్చింది కాబట్టి విద్యార్థులు అయిదు దగ్గరే ఆగిపోతారు. లోపలి చెవి ద్వారా తెలిసే కదలిక, సమతుల్యతల జ్ఞానం, కండరాలు, కీళ్ల ద్వారా తెలిసే శరీర స్థితి జ్ఞానం, ఆకలి, మూత్రం, గుండెదడ వంటివాటిని తెలిపే అంతర్గత జ్ఞానం అన్న మూడింటినీ వారు పరీక్షలో రాస్తారు గాని, పిల్లవాడి ముందు కూర్చున్నప్పుడు మరచిపోతారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు, భంగిమ అదుపులో లేని స్థితి) ఉన్న పిల్లవాడిని వాటర్ బెడ్ మీద వెల్లకిలా పడుకోబెట్టి లైట్లు వేశారనుకోండి. ఒంటికి ఆధారం దొరకని ఆ కదిలే పరుపు మీద అతని శక్తి అంతా పడిపోకుండా ఉండడానికే సరిపోతుంది. మెడ ఒక వైపుకు తిరిగిపోయి ఉంటే, రెండో వైపు ఉన్న బబుల్ ట్యూబ్ అతనికి కనిపించనే కనిపించదు. విద్యార్థి మాత్రం "దృశ్య ప్రేరణకు స్పందన లేదు" అని రాసుకుంటాడు. కాబట్టి భంగిమను సరిచేయడం, వెడ్జ్ (ఒంటికి ఆధారంగా పెట్టే వాలు దిండు) ఎక్కడ పెట్టాలి, తల ఎత్తు ఎంత ఉండాలి అన్నవి లైట్ల కంటే ముందు నేర్పవలసిన పాఠాలు.

అలాగే, ఎదురుచూడడం నేర్పాలి. మెదడుకు సంబంధించిన దృష్టి లోపం ఉన్న పిల్లలకు వస్తువు ఎదుట పెట్టిన తరువాత చూపు దాని మీదికి రావడానికి చాలా సమయం పట్టవచ్చు. మన విద్యార్థులు అయిదు సెకన్లలో ఆ వస్తువును ఊపడం మొదలుపెడతారు, పది సెకన్లలో మరొకటి తెస్తారు. గడియారం చూసుకొని అర నిమిషం కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో వారికి అనుభవంలోకి రావాలి.

మూర్ఛ విషయం తప్పనిసరి. కాంతి వల్ల మూర్ఛ వచ్చే తత్వం ఉన్నవారికి సెకనుకు 3 నుంచి 30 సార్ల వరకు మెరిసే వెలుగు ప్రమాదకరం. మేధో వైకల్యం ఉన్నవారిలో మూర్ఛ సాధారణ జనాభాలో కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది కనుక, పిల్లవాడి మూర్ఛ చరిత్ర తెలుసుకోకుండా గది తలుపు తెరవకూడదన్నది నియమంగా ఉండాలి. అద్దాల బంతిని వేగంగా తిప్పడం ఎవరికోసమైనా సరే మానుకోవడం మంచిది.

ప్రాక్టికల్ మొదటి తరగతిలో నేను చేయించేది ఒకటుంది. విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి, ఒకరి కళ్లకు గంతలు కట్టి, రెండో వారి చేత పెరుగన్నం తినిపిస్తాను. తినిపించేవారు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. చెంచా ఎప్పుడు పెదవికి తగులుతుందో తెలియక ఆ విద్యార్థి భుజాలు ఎలా బిగుసుకుపోతాయో మిగిలిన తరగతి అంతా చూస్తుంది. తరువాత అదే పనిని ముందుగా చేతిని తాకి, చెంచాను ముక్కు దగ్గర ఆపి, వాసన తెలిసిన తరువాత తినిపించేలా మళ్లీ చేయిస్తాను. ఇరవై నిమిషాల ఈ అభ్యాసం తరువాత వారికి స్పర్శ గురించి ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం పెద్దగా ఉండదు.

సమాధానం 2: ఫిజియోథెరపిస్టు, నెదర్లాండ్స్‌లో ఉద్యోగం

నేను విజయవాడలో చదువుకొని, ప్రస్తుతం ఇక్కడ బహుళ వైకల్యాలు ఉన్న పెద్దల నివాసంలో పనిచేస్తున్నాను. భవిత కేంద్రాల గురించి మీరు పడుతున్న ఆందోళనకు స్నూజెలెన్ పుట్టుకలోనే సమాధానం ఉందని నాకు అనిపిస్తుంది.

1970ల దశకంలో ఈడే పట్టణం దగ్గరి హార్టెన్‌బర్గ్ కేంద్రంలో యాన్ హుల్సెగ్గె, అడ్ ఫెర్హూల్ అనే ఇద్దరు, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఒక గుడారం వేసి ఈ ప్రయోగం మొదలుపెట్టారు. ఫ్యాను గాలికి ఎగిరే కాగితం ముక్కలు, నీటిలో కలుస్తున్న సిరాను తెర మీద పెద్దదిగా చూపడం, తడిమి చూసే వస్తువులు, వాసన చూసే సీసాలు, రుచి చూసే పదార్థాలు. తొలి సరంజామా దాదాపు అంతే. డచ్ భాషలో ముక్కుతో వాసన పసిగడుతూ వెతకడానికి ఉన్న మాటను, హాయిగా కునుకు తీయడానికి ఉన్న మాటను కలిపి "స్నూజెలెన్" అని పేరు పెట్టారు. అన్వేషణ, విశ్రాంతి రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. తరువాతి కాలంలో బ్రిటన్‌కు చెందిన రోంపా అనే పరికరాల కంపెనీ ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకొంది. పరికరాల జాబితా పెరగడంలో వ్యాపారం పాత్ర ఎంత ఉందో విద్యార్థులే ఆలోచించుకొంటారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి: ప్రారంభించినవారు దీనిని చికిత్సగా ప్రచారం చేయలేదు. ఏ లక్ష్యాన్నీ రుద్దకుండా, ఆ వ్యక్తి ఎంచుకున్నదాని వెంట నడుస్తూ గడిపే తీరిక సమయంగానే దానిని చూశారు. చికిత్స అన్న రూపు, విశ్వవిద్యాలయ బోధన తరువాత వచ్చాయి. బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య క్రిస్టా మెర్టెన్స్ దీనిని బోధనాంశంగా నడిపారు. ఆమె, ఫెర్హూల్ కలిసి 2002లో అంతర్జాతీయ స్నూజెలెన్ సంఘాన్ని స్థాపించారు. కాబట్టి "తీరికా, చికిత్సా?" అన్న వాదాన్ని ఒక పూర్తి యూనిట్‌గా పెట్టవచ్చు. నా మట్టుకు నేను మీ పేపరు పేరులో "చికిత్స" బదులు "పరిసరం" అని ఉంటే బాగుంటుందని అనుకొంటాను, కానీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ తీర్మానాలు మార్చడం ఎంత సులభమో నాకూ తెలుసు.

సమాధానం 3: ఒక తల్లి, గుంటూరు జిల్లా

నేను చదువు చెప్పేదాన్ని కాదు. మా అమ్మాయికి ఇప్పుడు 23 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీతో పాటు మేధో వైకల్యం కూడా ఉంది, మాటలు లేవు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నేనే ఆమెకు చట్టబద్ధమైన సంరక్షకురాలిని. ఎన్నో ఏళ్లుగా మా ఇంటికీ, మేము వెళ్లిన కేంద్రాలకూ శిక్షణలో ఉన్న విద్యార్థులు వస్తూనే ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెప్పవచ్చని అనుకొన్నాను.

ఒకసారి ఒక విద్యార్థిని లావెండర్ అత్తరు సీసా తెచ్చి మా అమ్మాయి ముక్కు దగ్గర పెట్టింది. అమ్మాయి తల పక్కకు తిప్పుకొంది. విద్యార్థిని సంతోషంగా "వాసనకు స్పందించింది" అని రాసుకొని, అటువైపు వెళ్లి మళ్లీ అదే సీసా పెట్టింది. మా అమ్మాయి తల తిప్పుకోవడమంటే వద్దని చెప్పడం. ఆమెకు ఉన్న మాట అదొక్కటే. ఆ మాటను ఆ రోజు మూడుసార్లు చెప్పించుకొని కూడా ఎవరూ వినలేదు. ఆ పిల్ల చెడ్డది కాదండీ, ఎంతో ఓపికగా ఉండేది. "వద్దు" ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చూపించలేదు, అంతే.

లావెండర్ మా ఇంటి వాసన కాదు. సాయంత్రం సాంబ్రాణి పొగ వేసినప్పుడు మా అమ్మాయి పెదవులు కొద్దిగా తెరుచుకొంటాయి, కుడి చేతి వేళ్లు విచ్చుకొంటాయి. మిక్సీ తిరిగితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది, గ్రైండరు మాత్రం ఎంతసేపు తిరిగినా పట్టించుకోదు. నెలసరి రోజుల్లో తలకు నూనె రాయనివ్వదు, మిగిలిన రోజుల్లో అదే ఆమెకు ఇష్టమైన పని. ఈ సంగతులు ఏ రికార్డులోనూ లేవు, ఎందుకంటే అడిగినవారు లేరు. మీ విద్యార్థులను ఒక్కొక్కరిని ఒక్కొక్క ఇంటికి పంపి, పొద్దున పళ్లు తోమడం నుంచి రాత్రి పడుకొనేవరకు ఒక రోజు ఊరికే కూర్చోబెట్టండి. చేతిలో నోటుపుస్తకం తప్ప ఏమీ ఉండకూడదు.

మరొకటి. 23 ఏళ్ల మనిషి చేతిలో గిలక్కాయ పెట్టి "చిన్నీ, చూడమ్మా" అనకుండా ఉండడం కూడా మీ సిలబస్‌లో చేర్చండి. శబ్దమే కావాలంటే గాజులు ఉన్నాయి, మువ్వలు ఉన్నాయి.

సమాధానం 4: విశ్రాంత ఆచార్యుడు, పునరావాస శాస్త్రాలు

పై తల్లిగారి సమాధానాన్ని యథాతథంగా మొదటి యూనిట్ పఠన సామగ్రిలో చేర్చాలన్నది నా మొదటి సూచన, ఆమె అనుమతిస్తే.

ఆధారాల గురించి మీరు అడిగారు. దాచవలసిన అవసరం లేదు, దాచకూడదు కూడా. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే వ్యాధి) ఉన్నవారిలో స్నూజెలెన్ గురించి 2002లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, అంటే అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసిన నివేదిక, ప్రయోజనం ఉందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. సెన్సరీ ఇంటిగ్రేషన్ చికిత్సల మీద పరిశోధన పరిమితంగానే ఉందనీ, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాలనీ 2012లో అమెరికా శిశువైద్యుల అకాడమీ సూచించింది. మేధో వైకల్యం విషయంలో చాలా అధ్యయనాలు కొద్దిమందితో చేసినవే. పైగా గదిలో ఉన్నంతసేపు ఆ వ్యక్తికి దొరికే ఒక మనిషి పూర్తి శ్రద్ధ వల్ల మేలు జరిగిందా, లైట్ల వల్ల జరిగిందా అన్నది విడదీయలేనివి వాటిలో ఎన్నో ఉన్నాయి. రోజూ ముప్ఫై మంది మధ్య ఉండే పిల్లవాడి పక్కన అరగంట సేపు ఒకరు నెమ్మదిగా కూర్చొంటే, వేపచెట్టు నీడలోనైనా అతను కొంత తేరుకొంటాడు.

అయితే ఈ పాఠాన్ని "ఆధారం లేదు, కాబట్టి పనికిరాదు" అని ముగించడం కూడా తప్పే. ఎం.ఎడ్. విద్యార్థుల చేత రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివించండి. 2014లో అమెరికాలో షాఫ్ బృందం ఆటిజం ఉన్న 32 మంది పిల్లలను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన యాదృచ్ఛిక అధ్యయనంలో సెన్సరీ ఇంటిగ్రేషన్ పొందినవారు మెరుగైన ఫలితం చూపారు. అదే చికిత్స మీద 2022లో బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో వెలువడిన సెనిటా అధ్యయనంలో మామూలు సేవల కంటే అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఎందుకు తేడా వచ్చిందని తరగతిని అడగండి. మొదటి అధ్యయనం ప్రతి పిల్లవాడికి విడిగా నిర్ణయించుకున్న లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయో కొలిచింది. రెండోది ప్రధానంగా చిరాకుతో కూడిన ప్రవర్తనను కొలిచింది. దేనిని కొలుస్తున్నామన్న ప్రశ్న ఎంత బరువైనదో ఈ ఒక్క పోలికతో విద్యార్థికి తెలిసివస్తుంది.

అక్కడి నుంచి ప్రాక్టికల్‌కు దారి దానంతట అదే ఏర్పడుతుంది. ఒకరికీ మరొకరికీ పోలిక కుదరని ఈ రంగంలో ఏక వ్యక్తి ప్రయోగ రచన, అంటే ఒకే వ్యక్తిని వేర్వేరు దశలలో అతనితోనే పోల్చి చూడడం, చాలా ఉపయోగకరం. మొదట గది లేకుండా కనీసం అయిదు రోజుల పరిశీలన, తరువాత గదితో అయిదు, మళ్లీ లేకుండా అయిదు, మళ్లీ గదితో అయిదు. గది లేని రోజులలో కూడా అదే విద్యార్థి అంతేసేపు ఆ వ్యక్తి పక్కన కూర్చోవాలి. లేకపోతే నేను పైన చెప్పిన చిక్కే మళ్లీ వస్తుంది. లక్ష్యాలను కొలవడానికి కిరెసుక్, షెర్మన్ 1968లో ప్రతిపాదించిన లక్ష్యసాధన కొలమానాన్ని వాడవచ్చు. ఉదాహరణకు, ప్రస్తుతం పళ్లెం ముందు ఒక నిమిషం కూర్చోగలిగిన పిల్లవాడికి అది మైనస్ 2. మూడు నిమిషాలు మైనస్ 1. అయిదు నిమిషాలు మనం ఆశించే స్థాయి, అంటే సున్నా. ఎనిమిది నిమిషాలు ప్లస్ 1. భోజనం ముగిసేవరకు కూర్చొంటే ప్లస్ 2. గదిలోని ప్రశాంతత భోజనాల గదిదాకా వస్తేనే దానికి విలువ అని ఈ కొలమానం విద్యార్థికి పదే పదే గుర్తుచేస్తుంది.

మీ రికార్డు పుస్తకాలలోని "సంతోషించాడు" సమస్యకు కూడా మందు ఉంది. అయిదు నిమిషాల వీడియోను పది సెకన్ల చొప్పున 30 భాగాలు చేసి, ఇద్దరు విద్యార్థుల చేత విడివిడిగా గుర్తులు పెట్టించండి: చూపు వస్తువు మీద ఉందా, చేయి చాచాడా, తల తిప్పుకొన్నాడా. "సంతోషం" అన్న గడి అందులో ఉండకూడదు. 30 భాగాలలో కనీసం 24 చోట్ల, అంటే 80 శాతం, ఇద్దరి గుర్తులు కలిసేవరకు ఆ జంటను గదిలోకి పంపకండి. మొదటిసారి సగం కూడా కలవవు. ఆ నిరాశ కూడా బోధనలో భాగమే. వీడియో తీయడానికి సంరక్షకుల లిఖిత అనుమతి, సెమిస్టర్ చివర ఆ వీడియోలను తుడిచివేసే ఏర్పాటు ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, మీ సమాధానాన్ని పేరు లేకుండా తరగతిలో వాడుకోవడానికి అనుమతి ఇవ్వగలరా?

నిన్న కూర్చొని పదిహేను వారాల ప్రణాళికను తిరగరాశాను. మొదటి అయిదు వారాలు సెన్సరీ రూమ్ తాళం విద్యార్థులకు ఇవ్వడం లేదు. అందులో ఒక రోజు ఇంటి పరిశీలనకు, రెండు వారాలు వీడియో గుర్తుల అభ్యాసానికి, మిగిలినవి భంగిమ, మూర్ఛ జాగ్రత్తలు, పెరుగన్నం అభ్యాసానికి పోతాయి. ఆ తరువాత ప్రతి విద్యార్థి ఒక వ్యక్తి కోసం, ఆ ఇంటిలో దొరికే వస్తువులతోనే ఒక పెట్టె తయారుచేయాలి. ప్రతి వస్తువు ఎందుకు ఎంచుకొన్నారో ఇంటి పరిశీలన నుంచి ఆధారం చూపాలి. గది ప్రయోగం ఆ తరువాతే. ఏక వ్యక్తి ప్రయోగం పూర్తిగా ఇరవై రోజులు మా సెమిస్టర్‌లో ఇమడదు కాబట్టి మొదటి రెండు దశలకు పరిమితం చేసి, అలా కుదించడం వల్ల ఏ నిర్ధారణకు రాలేమో విద్యార్థులే రాయాలని నియమం పెట్టాను.

ఇక మిగిలింది ప్రాక్టికల్ పరీక్ష. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు సాధారణంగా గదిలో ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి "చేసి చూపించండి" అంటారు. వరుసగా పన్నెండు మంది విద్యార్థులు, ఒకే పిల్లవాడు. గత సంవత్సరం ఆ పిల్లవాడు నాలుగో విద్యార్థి వచ్చేసరికి ఏడ్చి, ఏడో విద్యార్థి వచ్చేసరికి నిద్రపోయాడు. దీనికి ప్రత్యామ్నాయం ఏమిటి?

సమాధానం: ఒక తల్లి, గుంటూరు జిల్లా

వాడుకోండమ్మా. సాంబ్రాణి సంగతి మాత్రం తీసేయకండి.

సమాధానం: ఆక్యుపేషనల్ థెరపిస్టు, హైదరాబాద్

పరీక్షకు పిల్లవాడిని తీసుకురావలసిన పనే లేదు, మేడమ్. ఇంతకు ముందు చూడని అయిదు నిమిషాల వీడియోను పరీక్ష రోజున విద్యార్థులందరికీ ఒకేసారి చూపించి, గుర్తులు పెట్టించి, "ఆ వ్యక్తి ఎక్కడ వద్దన్నాడు, మీరు ఉండి ఉంటే ఆ క్షణంలో ఏమి మానేసేవారు?" అని రాయించండి. తరువాత పది నిమిషాల మౌఖిక పరీక్షలో విద్యార్థి తన పెట్టెను తెరిచి, అందులో ఏ వస్తువు పనికిరాలేదో, ఎందుకు తీసేశారో పరీక్షకునికి చెప్పాలి. ఏదీ తీసేయలేదని చెప్పిన విద్యార్థికి నేనైతే మార్కులు తగ్గిస్తాను. పరీక్షకుడు గదిని చూడాలని పట్టుబడితే, ఆయన్నే వాటర్ బెడ్ మీద పడుకోబెట్టి, విద్యార్థి చేత భంగిమ సరిచేయించండి. మా దగ్గర ఒకసారి అలా చేయించాము, ఆయన ఇరవై నిమిషాలు లేవలేదు.